కొత్త జబ్బా, పాత మాత్రా?

తిరుమలగిరి చౌరస్తా చుట్టుపక్కల మందుల షాపులకు కొదవ లేదు. ఇది కంటోన్మెంటు. మిలిటరీ హాస్పిటల్ ఇక్కడే ఉంది. ఫౌజులో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న కుటుంబాలు ఇటు కార్ఖానా, లోతుకుంట నుంచి అటు అల్వాల్, బొల్లారం దాకా స్థిరపడ్డాయి. పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న ఇలాంటి చోట మందుల సంచీ లేని ఇల్లు దొరకడం కష్టం. ఆయనకు బీపీ, షుగరు. ఆమెకు థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు. గుండెకు ఒక డాక్టరు, కీళ్లకు మరొకరు, ప్రోస్టేటుకు ఇంకొకరు. నడుమ జ్వరమో దగ్గో వస్తే చౌరస్తాలోని షాపతనే డాక్టరు. ఎవరి చీటీ వాళ్లదే. అన్ని చీటీలూ కలిసేది ఆ సంచీలో మాత్రమే.

ఆ సంచీలో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. డెబ్భై ఏళ్ల మనిషికి బీపీ కోసం ఆమ్లోడిపిన్ మొదలుపెట్టారు. అయిదు మిల్లీగ్రాములు చాలక పదికి పెంచారు. కొన్ని వారాలకు సాయంత్రమయ్యేసరికి చీలమండల దగ్గర వాపు, చెప్పుల పట్టీలు బిగుసుకుపోవడం. 'కాళ్లకు నీరు పట్టింది' అని మరో డాక్టరుకు చూపిస్తే మూత్రం ఎక్కువ అయ్యే మాత్ర రాశారు. ఆ మాత్ర వల్ల రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, ఒక రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పుట్టింది. నొప్పికి డైక్లోఫెనాక్ వచ్చింది. డైక్లోఫెనాక్ ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపేసి బీపీని మళ్లీ ఎక్కించింది. బీపీ పెరిగింది కాబట్టి ఇంకో బీపీ మాత్ర. మొదట ఒక్క మాత్ర వేసుకున్న మనిషి నాలుగు మాత్రల దగ్గర తేలాడు. ఈ వరుసలో ఎవరూ తెలిసి తప్పు చేయలేదు. ప్రతి డాక్టరూ తన ముందున్న లక్షణానికి సరైనదనిపించిన మందే రాశాడు. ఆ లక్షణం మొదటి మాత్ర తెచ్చిపెట్టినదన్న సంగతి ఎవరికీ తట్టలేదు, అంతే.

ఇందులో మరో తిరకాసు ఉంది. ఆమ్లోడిపిన్ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు. ఆ మందు సన్న ధమనులను వెడల్పు చేస్తుంది గానీ సిరలను అంతగా చేయదు. పైనుంచి వచ్చే ఒత్తిడికి నీరు రక్తనాళాల్లోంచి చుట్టూ ఉన్న కండలోకి ఊరుతుంది. అందుకే మూత్రం మాత్ర దానికి పెద్దగా పనిచేయదు. మోతాదు తగ్గిస్తేనో, మందు మారిస్తేనో, టెల్మిసార్టాన్ లాంటిది జత చేస్తేనో తగ్గుతుంది. ఒక మందు దుష్ప్రభావాన్ని కొత్త జబ్బనుకుని ఇంకో మందు రాయడాన్ని కెనడాకు చెందిన పౌలా రోషాన్, అమెరికాకు చెందిన జెర్రీ గుర్విట్జ్ అనే వైద్యులు 1990లలో 'ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్' అన్నారు. మందుల గొలుసు అందాం. ఆ గొలుసులో అందరికీ బాగా తెలిసిన కొక్కెం ఈ ఆమ్లోడిపిన్, మూత్రం మాత్రల జంటే.

ఇలాంటి కొక్కేలు ఇంకా ఉన్నాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవాళ్లలో నూటికి అయిదు నుంచి ఇరవై మందికి పొడిదగ్గు పట్టుకుంటుంది. గొంతులో ఏదో గరగర, కఫం ఉండదు, రాత్రి పడుకుంటే ఎక్కువ. మందు మొదలైన వారానికీ రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. దానికి సిరప్పులు, యాంటీబయాటిక్కులు, ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్ష, ఇంట్లో మిరియాల కషాయం, అన్నీ అయిపోతాయి. మందు మారిస్తే సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో దగ్గు దానంతటదే పోతుంది.

షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ కథ ఇంకా నెమ్మదిగా నడుస్తుంది. మొదట్లో వికారం, విరేచనాలు అందరికీ తెలిసినవే, చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. ఏళ్ల తరబడి వాడితే మాత్రం పేగుల్లో విటమిన్ బి12 పీల్చుకోవడం తగ్గుతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు, నడుస్తుంటే దూది మీద అడుగేసినట్టు ఉండటం. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా సరిగ్గా ఇవే లక్షణాలు. కాబట్టి నింద షుగరు మీద పడుతుంది, బి12 పరీక్ష ఎవరూ చేయించరు. మాంసం, చేపలు, గుడ్లు ముట్టనివారికి ముందే బి12 తక్కువ. పైగా 'గ్యాస్ మాత్ర' పేరుతో పాంటోప్రజోల్‌ను ఏళ్లకేళ్లు పరగడుపున వేసుకునే అలవాటు మనకుంది, అదీ బి12ను తగ్గించేదే. మెట్‌ఫార్మిన్ వాడుతూ ఇలాంటి లక్షణాలు చెప్పేవారికి బి12 పరీక్ష చేయాలని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022 జూన్‌లో వైద్యులకు గుర్తుచేసింది. మన దగ్గర ఆ పరీక్ష దాదాపు ప్రతి ల్యాబులోనూ ఉంది. అడిగేవాళ్లే తక్కువ.

మందు తెచ్చిన బాధను పట్టుకోవడానికి మొదటి ఆధారం తేదీ. ఏ మాత్ర ఏ రోజు మొదలైంది, మోతాదు ఎప్పుడు మారింది, బాధ ఎప్పుడు కనిపించింది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే. కెనడాలో 1981లో నరాంజో బృందం తయారుచేసిన పది ప్రశ్నల పట్టికను ఫార్మకాలజీ విభాగాలు ఇప్పటికీ వాడుతున్నాయి. అందులోని ముఖ్యమైన ప్రశ్నలు ఇవే: మందు మొదలయ్యాకే బాధ వచ్చిందా, మందు ఆపితే తగ్గిందా, మళ్లీ ఇస్తే మళ్లీ వచ్చిందా, వేరే కారణం ఏదైనా ఉందా? 'మళ్లీ ఇస్తే' అన్న ప్రశ్న ఆసుపత్రికి వదిలేయాల్సినది. ఒంటి మీద దద్దుర్లు తెచ్చిన మాత్రను ఇంట్లో రెండోసారి వేసుకుని పరీక్షించుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

మందు ఎలా చంపుతుంది అన్న ప్రశ్నకు జవాబు కోసం ప్రపంచ వైద్యలోకం ఒకప్పుడు హైదరాబాదు వైపు చూసిందని ఇవాళ ఎంతమందికి తెలుసు? తిరుమలగిరి నుంచి ఇంచుమించు పదిహేను కిలోమీటర్ల దూరంలో, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. నేటి ఉస్మానియా ఆసుపత్రికి పూర్వరూపం అది. ఆ కాలపు మత్తుమందు క్లోరోఫాం. ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలైనా కాకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. ఆ తర్వాత అలాంటి చావులు ఆగలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, చిన్న చిన్న శస్త్రచికిత్సలకు వచ్చినవాళ్లు బల్ల మీదే పోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? నలభై ఏళ్లు ఇదే తగవు.

ఆ ఆసుపత్రిని చూసుకునే హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీకి ఆ విషయంలో ఏ సందేహమూ లేదు. ఊపిరే ఆగుతుంది, గుండెకు క్లోరోఫాం నేరుగా ఏమీ చేయదు, కాబట్టి మత్తు ఇచ్చేవాడు నాడిని వదిలేసి శ్వాసను మాత్రమే గమనించాలి. ఇది ఎడిన్‌బరోలో తన గురువు జేమ్స్ సైమ్ దగ్గర నేర్చుకున్న పాఠం. దాన్ని రుజువు చేయడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఖర్చుతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. దాని ఫలితాలను లండన్ పత్రిక 'ది లాన్సెట్' నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండంటూ నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చారు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో చూపించిన లాడర్ బ్రంటన్ 1889 అక్టోబరులో హైదరాబాదులో దిగాడు. క్లోరోఫాం గుండెను ఆపగలదని నమ్మి వచ్చిన మనిషి ఆయన. వందల కుక్కలు, కోతుల మీద ప్రయోగాలు జరిగాక తన అభిప్రాయం మార్చుకున్నాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్ల, అధిక మోతాదు వల్ల అని కబురు లండన్‌కు తంతి మీద వెళ్లింది. ఒక మందు ప్రమాదం గురించి ఒక సంస్థానం డబ్బు పెట్టి, విదేశీ నిపుణుణ్ని రప్పించి, లెక్క తేల్చాలని చూడటం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

అయినా చావులు ఆగలేదు. చిక్కుముడి విడింది 1911లో, లండన్‌లో గుడ్‌మన్ లెవీ చేతుల్లో. పిల్లులకు క్లోరోఫాం తేలికగా ఇచ్చి, కొంచెం అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె గతి తప్పి, గడగడ వణికి ఆగిపోయింది. గాఢమైన మత్తులో అలా జరగలేదు. అంటే ప్రమాదం ఎక్కువ మోతాదులోనే లేదు, తక్కువ మోతాదులోనూ పొంచి ఉంది. ఆపరేషన్ బల్ల ఎక్కేముందు భయపడిన మనిషి ఒంట్లో అడ్రినలిన్ దానంతటదే ఊరుతుంది. చిన్న శస్త్రచికిత్సకు తేలికపాటి మత్తు చాలనుకున్న చోటే ఆ రెండూ కలుస్తాయి. లారీ చెప్పినదంతా తప్పని కొట్టేయనక్కర్లేదు. శ్వాసను కనిపెట్టి చూడమన్న ఆయన పట్టుదల ఎందరినో కాపాడే ఉంటుంది. నాడిని చూడనక్కర్లేదని అంత గట్టిగా చెప్పడమే ఆయన చేసిన పొరపాటు. హైదరాబాద్ కమిషన్ వెతికింది ఒక్క మందు దోషాన్ని. లెవీకి దొరికింది రెండు పదార్థాల పొత్తు. మందుల మధ్య పడని సంబంధాలకు ఇది స్పష్టమైన పాత ఉదాహరణ.

నేటి సంచీలో అలాంటి పొత్తులు ఎక్కడున్నాయి? మొదట చూడాల్సింది మూత్రపిండాలను దెబ్బతీసే ముగ్గురి జట్టు. టెల్మిసార్టాన్ గానీ రామిప్రిల్ గానీ ఒకటి, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి మూత్రం మాత్ర రెండోది. ఈ రెండూ చాలాసార్లు ఒకే మాత్రలో కలిసే వస్తాయి, పేరు చివర 'హెచ్' అక్షరం దాని గుర్తు. మూడోది డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ జాతి నొప్పి మాత్ర. మొదటిది కిడ్నీలోంచి రక్తం బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది, రెండోది ఒంట్లో నీటిని తగ్గిస్తుంది, మూడోది లోపలికి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది. మూడూ ఒకేసారి పడితే వడపోతకు కావలసిన ఒత్తిడి ఉండదు. బ్రిటన్‌లో సుమారు 4.87 లక్షల మంది బీపీ రోగుల రికార్డులు చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మూడూ కలిపి వాడిన మొదటి 30 రోజుల్లో కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ముప్పు 82 శాతం ఎక్కువని తేలింది. అది చల్లని దేశం. మన మే నెల ఎండలో, వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజున, బీపీ మాత్ర వేసుకున్న మనిషి 'అన్నా, ఒళ్లు నొప్పులకు ఏదన్నా ఇవ్వు' అని షాపులో అడిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మూత్రం తగ్గిపోవడం, ముఖం ఉబ్బడం, వికారం కనిపిస్తే క్రియాటినిన్ పరీక్ష ఆలస్యం చేయకూడదు. ఇలాంటివారికి నొప్పికైనా జ్వరానికైనా పారాసెటమాల్ మేలు. అదీ లెక్క ఉంచుకుని. జలుబు మాత్రల్లో, ఒళ్లునొప్పుల మాత్రల్లో కూడా పారాసెటమాల్ దాగి ఉంటుంది. మూడు పేర్లతో మూడు వేసుకుంటే పెద్దలకు రోజుకు నాలుగు గ్రాముల హద్దు తెలియకుండానే దాటిపోతుంది, దెబ్బ కాలేయం మీద పడుతుంది.

స్టెంటు వేయించుకున్నవారికి క్లోపిడోగ్రెల్ రాస్తారు. అది కాలేయంలో ఒక ఎంజైము చేతిలో మారితేనే పనిచేస్తుంది. ఒమెప్రజోల్ ఆ ఎంజైమును అడ్డుకుంటుందని అమెరికా నియంత్రణ సంస్థ 2009లో హెచ్చరించింది. కడుపు మంటకు మాత్ర కావలసి వస్తే డాక్టరును అడిగి పాంటోప్రజోల్ వైపు మళ్లడం మంచిది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ దగ్గర ఉన్నవారు సిల్డెనాఫిల్ వాడితే బీపీ పాతాళానికి పడిపోవచ్చు. సిగ్గుపడి డాక్టరుకు చెప్పని మందుల్లో ఇదే మొదటిది. నిద్రమాత్ర, ట్రమడాల్ నొప్పిమాత్ర వేసుకునే రోజున క్యాంటీన్ రమ్ము కూడా ఉంటే ఊపిరి మందగిస్తుంది. కంటోన్మెంటులో ఈ మాట మరికాస్త గట్టిగా చెప్పాలి.

కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ గురించి విడిగా చెప్పుకోవాలి. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మిగతా మాత్రల అలవాటులో రోజూ వేసుకున్నవాళ్ల కథలు వైద్య పత్రికల్లో పదే పదే వస్తూనే ఉన్నాయి. నోరంతా పూస్తుంది, తెల్లరక్తకణాలు పడిపోతాయి, జ్వరం వస్తుంది. నోరు పూస్తే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట 'వేడి చేసింది'. మజ్జిగ, సబ్జా గింజలతో నాలుగు రోజులు గడిచిపోతాయి. ఆ నాలుగు రోజులే విలువైనవి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందని కోట్రైమోక్సజోల్, అదే సెప్ట్రాన్ జాతి మాత్ర, దీనికి తోడైతే మూలుగ మీద దెబ్బ ఇంకా వేగంగా పడుతుంది.

వంటింట్లోని పదార్థాలు కూడా మందులతో తగువు పెట్టుకుంటాయి. థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగితే మందు సరిగా ఒంటబట్టదని ఇటలీ వైద్యులు 2008లో చూపించారు. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. 'మాత్ర వేసుకుంటూనే ఉన్నా టీఎస్‌హెచ్ దిగట్లేదు' అనేవారిలో కొందరికి మోతాదు పెంచే ముందు ఈ ఎడం చూసుకుంటే సరిపోతుంది. రక్తం పలచబడే వార్ఫరిన్, అసినోకౌమరాల్ వాడేవారికి ఆకుకూరల్లోని విటమిన్ కె ఎదురు తిరుగుతుంది. అలాగని పాలకూర, తోటకూర మానేయాల్సిన పనిలేదు. ఎప్పుడూ ఒకే పాళంలో తినాలి. ఏడాదంతా ముట్టకుండా ఆషాఢం రాగానే మునగాకు వారం రోజులు వరసగా వండుకుంటే రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్‌ఆర్ లెక్క తప్పుతుంది. కిడ్నీ బలహీనంగా ఉండి టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ వాడేవారు సోడియం తక్కువ ఉప్పు, రోజూ కొబ్బరినీళ్లు అలవాటు చేసుకుంటే పొటాషియం పెరిగి గుండె గతి మీదికి వస్తుంది. ఆ ఉప్పులో సోడియం స్థానంలో ఉండేది పొటాషియమే.

ఇక ఆకు పసరు, కషాయాల మాట. 'చెట్టు మందుకు సైడ్ ఎఫెక్టు ఉండదు' అన్న నమ్మకం మనలో చాలా లోతుగా నాటుకుంది. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ రసం తాగి కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు 2022లో ప్రచురించారు. ఆ బృందంలో హైదరాబాద్ వైద్యులు ఉన్నారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ తిప్పతీగ సురక్షితమనే వాదించింది. ఆ వాదన ఎలా ఉన్నా, డాక్టరు 'ఇంకేమైనా వాడుతున్నారా?' అని అడిగినప్పుడు కషాయం పేరు, లేహ్యం పేరు, ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షను మాట దాచకుండా చెప్పాల్సిందే. కీళ్ల నొప్పులకు పేరులేని పొట్లాల్లో వచ్చే పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం కొత్త సంగతి కాదు. నొప్పి రెండు రోజుల్లో మాయమై, నెల తిరిగేసరికి ముఖం గుండ్రమై, షుగరు పెరిగితే అనుమానించాలి. అలాంటిది హఠాత్తుగా మానినా ప్రమాదమే.

అమెరికాలో పెద్దవాళ్లు మందుల దుష్ప్రభావాలతో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరిన కేసులను లెక్కగట్టి 2011లో 'న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ఒక వ్యాసం వేసింది. మూడింట రెండు వంతుల కేసులకు కారణం నాలుగే రకాలు: వార్ఫరిన్, ఇన్సులిన్, ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు, షుగరు మాత్రలు. ఇవన్నీ మనం అతి మామూలు మందులనుకునేవే. గ్లిమిపిరైడ్ వేసుకుని భోజనం మానేస్తే షుగరు పడిపోతుంది. ఏకాదశి ఉపవాసమైనా, రంజాన్ రోజా అయినా ముందుగా డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్చుకోవాలి. చెమటలు, వణుకు, ఆకలి తెలిసిన గుర్తులే. పెద్దవాళ్లలో మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఒక పక్క చేయి లాగేయడం కూడా కావచ్చు. పక్షవాతమని పరుగెత్తే ముందు, ఆ పరుగు ఆపకుండానే, గ్లూకోమీటరుతో ఒక చుక్క చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే, మనిషి మింగగలిగితే చక్కెర నీళ్లు. అటెనోలాల్, మెటోప్రొలాల్ వాడేవారిలో వణుకు, గుండెదడ కనిపించకపోవచ్చు. చెమట మాత్రం దాగదు.

దురద, నాలుగు దద్దుర్లు వస్తే మర్నాడు డాక్టరుకు చూపించుకోవచ్చు. దద్దుర్లతోపాటు జ్వరం, కళ్లు ఎర్రబడటం, నోట్లో పుండ్లు, చర్మం పొక్కులెక్కి ఊడటం ఉంటే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోం అనే ఈ చర్య ఎక్కువగా కార్బమజెపిన్, ఫెనిటాయిన్ లాంటి ఫిట్స్ మందులతో, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్‌తో, సల్ఫా మందులతో వస్తుంది, అదీ సాధారణంగా మొదలుపెట్టిన రెండు నెలల్లోపు. పల్లెల్లోనూ, పట్నాల్లోని కొన్ని ఇళ్లలోనూ దీన్ని ఆటలమ్మ అనుకుని వేపాకు పరిచి పడుకోబెడతారు. పైగా మాత్ర ఆపకుండా వేస్తూ ఉంటారు. పెదవులు, నాలుక వాచి గొంతు పట్టేయడం, నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడటం కూడా ఆగి ఆలోచించే లక్షణాలు కావు.

మరోవైపు, చీటీలోని ప్రతి మాత్రనూ శత్రువుగా చూడటం ఇంకో రకం ప్రమాదం. అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రలు ఒళ్లు నొప్పులు తెస్తున్నాయని మానేసిన 60 మందిని లండన్ ఇంపీరియల్ కాలేజీ వైద్యులు ఏడాదిపాటు పరీక్షించారు. కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందులేని ఉత్త మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా. 2020లో వచ్చిన ఫలితం ఏమిటంటే, అసలు మాత్రతో కలిగిన బాధలో 90 శాతం ఉత్త మాత్రతోనూ కలిగింది. వాళ్ల నొప్పి అబద్ధం కాదు, కారణమే వేరు. నిజంగా కండరాలు దెబ్బతిన్నప్పుడు తొడలు, భుజాలు నీరసించి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి తిరుగుతుంది. క్లారిథ్రోమైసిన్ యాంటీబయాటిక్ తోడైన రోజుల్లో ఆ ముప్పు పెరుగుతుంది. టీబీ మందు రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారడం చూసి భయపడి కోర్సు మానేసేవాళ్లున్నారు. అది హాని లేని రంగు మాత్రమే. స్టెంటు పడినవారు రక్తం పలచబడే మాత్రను, గుండె రోగులు మెటోప్రొలాల్‌ను, ఫిట్స్ ఉన్నవారు ఆ మాత్రను తమంతట తామే ఆపితే, తప్పించుకోవాలనుకున్న దానికన్నా పెద్ద ఆపద ఎదురవుతుంది.

ఇంత తెలుసుకోవాలన్నా రోగి చేతికి వచ్చేది ఏమిటి? కత్తెరతో కోసిన నాలుగు మాత్రల ముక్క. పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ షాపులో మిగిలిన ముక్క మీద. 2023 ఆగస్టు నుంచి దేశంలో 300 ప్రముఖ బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. దాన్ని ఫోనుతో చదివితే మందు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, తేదీలు వస్తాయి, మందు అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి పనికొస్తాయి. దుష్ప్రభావాల గురించి ఒక్క ముక్క ఉండదు. తెలుగులో ఉండటమన్నది ఆ తర్వాతి సంగతి. 2008లో మన దేశంలో ఆరేళ్ల ఫార్మ్-డీ కోర్సు మొదలైంది. మందుల పొత్తులు, మోతాదులు, దుష్ప్రభావాలు చూడటమే వాళ్ల చదువు. తెలుగు రాష్ట్రాల్లో ఆ కాలేజీలు బోలెడు. చదువుకున్నవాళ్లను వార్డుల్లో, పాలీక్లినిక్కుల్లో, షాపు కౌంటర్ల వెనక సరిగా వాడుకోవడం మాత్రం ఇంకా రాలేదు. అమెరికా ఫార్మసిస్టులు పెద్దవాళ్లను ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కాగితపు సంచీలో వేసుకు రమ్మని, బల్ల మీద పరిచి చూస్తారు. దీనికి యంత్రాలు అక్కర్లేదు, అరగంట టైము చాలు. ఏ పాలీక్లినిక్ అయినా నెలకోరోజు మొదలుపెట్టవచ్చు.

2023 నవంబరు నెలాఖరున ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దేశమంతటికీ ఒక హెచ్చరిక పంపింది. నెలసరి నొప్పికి, జ్వరానికి వాడే మెఫెనమిక్ యాసిడ్ వల్ల 'డ్రెస్' అనే తీవ్రమైన చర్య రావచ్చన్నది దాని సారాంశం. జ్వరం, దద్దుర్లు, గ్రంథుల వాపు, కాలేయం లాంటి లోపలి అవయవాలు దెబ్బతినడం, అదీ మందు మొదలైన రెండు నుంచి ఎనిమిది వారాలకు. ఆ హెచ్చరిక ఎవరో ప్రయోగశాలలో కనిపెట్టినది కాదు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేయడానికి 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఆసుపత్రుల నుంచి వచ్చిన ఫిర్యాదులను ఒకచోట పెట్టి చూసినప్పుడు తేలింది. ఆ ఫిర్యాదు డాక్టర్లే పంపాలని లేదు. రోగి, రోగి బంధువు, ఫార్మసిస్టు, నర్సు ఎవరైనా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోను చేసి చెప్పవచ్చు. ఏటా సెప్టెంబరు 17 నుంచి 23 దాకా ఇందుకోసం వారోత్సవాలూ జరుపుతున్నారు.

ఆ ఫిర్యాదు ఫారం నింపాలంటే తప్పనిసరిగా కావలసినవి నాలుగు: రోగి పొడి అక్షరాలో వయసో లాంటి గుర్తు ఒకటి, ఏం జరిగిందో వివరం, అనుమానం ఉన్న మందు పేరు, చెబుతున్నవారి పేరు. మందు వల్లే అని నిరూపించి చూపించనక్కర్లేదు, అనుమానం చాలు. బ్యాచ్ నంబరు ఉంటే ఇంకా మేలు. కాబట్టి బాధ తగ్గేదాకా ఆ స్ట్రిప్పును చెత్తబుట్టలో వేయకూడదు.